450 క్లాస్ ఆర్‌సీ హెలికాప్టర్: వణుకు, తోక ఊపు, శక్తి తగ్గడం – సమస్యలు, పరిష్కారాలు

325 మిల్లీమీటర్ల మెయిన్ బ్లేడ్లతో, 3 సెల్స్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో ఎగిరే 450 క్లాస్ ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) హెలికాప్టర్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు ఇస్తున్నాను. పెద్ద మోడళ్లలోనూ కారణాలు చాలావరకు ఇవే, కొలతలు మాత్రం మారుతాయి. ఈ హెలికాప్టర్లలో కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం మెకానికల్ లోపాలే. అయినా చాలామంది మొదట ట్రాన్స్‌మిటర్ చేతికి తీసుకుని గెయిన్ (తోకను నిలకడగా ఉంచే జైరో అనే సెన్సర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగు), ట్రిమ్ (స్టిక్ నడిమి స్థానాన్ని సర్దే సెట్టింగు) సర్దుతారు. అప్పుడు లోపం కొన్నాళ్లు పైకి కనబడదు గానీ, అరిగే భాగం లోపల అరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు షాఫ్టులు, బేరింగులు, లింకులు చూసి, అవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతే సెట్టింగుల జోలికి వెళ్లాలి.

బల్ల మీద పని చేస్తూ బ్యాటరీ కలపవలసి వస్తే, మోటారు నుంచి ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం)కి వెళ్లే మూడు తీగల్లో కనీసం రెండింటిని ఊడదీయండి. నిమిషానికి 2,500 చుట్లు తిరిగేటప్పుడు ఈ సైజు బ్లేడు కొన గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో కదులుతుంది. చిన్న హెలికాప్టరే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

సమస్య: గాలిలో హెలికాప్టర్ మొత్తం వణుకుతోంది

హోవర్‌లో (గాలిలో ఒకేచోట నిలిచినప్పుడు) ల్యాండింగ్ స్కిడ్లు మసకగా కనిపించినా, తోక ఫిన్ అంచు రెండుగా కనిపించినా వణుకు ఉన్నట్టే. దోషం ఎక్కడుందో ఊహించడం కంటే ఒక్కో భాగాన్ని తీసి చూడడం మేలు. మొదట మెయిన్ బ్లేడ్లు తీసివేసి, దూరంగా నిలబడి, మోటారును తక్కువ వేగంలో తిప్పండి. వణుకు పోతే దోషం బ్లేడ్లలోనో, వాటి బోల్టుల బిగింపులోనో ఉంది. పోకపోతే టెయిల్ బ్లేడ్లు కూడా తీసి చూడండి. అప్పటికీ పోకపోతే మెయిన్ షాఫ్ట్, మెయిన్ గేర్, మోటారు బేరింగులను అనుమానించాలి.

బ్లేడ్ల దోషమైతే రెండింటి బరువూ, గురుత్వ కేంద్రమూ సరిపోల్చి, తేలికగా ఉన్న బ్లేడుకు సన్నని టేపు చుట్టి సమానం చేయాలి. బోల్టుల బిగింపుకు ఒక నమ్మకమైన పరీక్ష ఉంది: హెలికాప్టర్‌ను పక్కకు తిప్పి పట్టుకున్నప్పుడు బ్లేడ్లు తమ బరువుకే జారిపోకూడదు, కొద్దిగా కుదిపితే మాత్రం కదలాలి.

హెలికాప్టర్ ఒకసారి కింద పడి ఉంటే, పైకి ఏమీ విరగలేదని కనిపించినా, ఫెదరింగ్ షాఫ్టును (బ్లేడ్లను పట్టి ఉంచే రెండు గ్రిప్‌లను కలిపే కడ్డీ) తప్పనిసరిగా బయటికి తీయండి. దాన్ని గాజు పలక మీద మెల్లగా దొర్లించినప్పుడు పలకకూ షాఫ్టుకూ మధ్య వెలుతురు గీత కనిపించి మాయమవుతూ ఉంటే అది వంగినట్టే. మెయిన్ షాఫ్టుకూ ఇదే పరీక్ష. వంగిన షాఫ్టును సుత్తితో సరిచేసే ప్రయత్నం వద్దు, కొత్తది వేయండి. తిరిగి బిగించేటప్పుడు థ్రస్ట్ బేరింగు పళ్లాల వరుస తప్పకూడదు. లోపలి రంధ్రం పెద్దగా ఉన్న పళ్లెం హబ్ (రోటర్ తల మధ్య భాగం) వైపు, చిన్నగా ఉన్నది బయట స్క్రూ వైపు రావాలి. తారుమారైతే బేరింగు త్వరగా పాడై, గ్రిప్ పట్టేసినట్టు తిరుగుతుంది. లోహంలోకి వెళ్లే ప్రతి స్క్రూకూ నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా ఉంచే జిగురు) చుక్క పెట్టండి, ప్లాస్టిక్‌లోకి వెళ్లే వాటికి పెట్టవద్దు.

సమస్య: బ్లేడ్లు రెండు వేర్వేరు ఎత్తుల్లో తిరుగుతున్నాయి

దీన్ని ట్రాకింగ్ తప్పడం అంటారు. ఒక్కో బ్లేడు కొనకు ఒక్కో రంగు టేపు అంటించి, కనీసం 5 మీటర్ల దూరంలో కంటి ఎత్తున హోవర్ చేసి చూస్తే ఏది పైన ఉందో తెలుస్తుంది. పైన తిరిగే బ్లేడు పిచ్ (వాలు కోణం) తగ్గేలా దాని బాల్ లింకును (గుండు మీద బిగుసుకునే లింకు చివర) ఒక చుట్టు తిప్పి మళ్లీ చూడండి. నాలుగైదు చుట్లు తిప్పినా కుదరకపోతే తప్పు లింకుది కాదు, షాఫ్టు మళ్లీ చూడాలి.

సమస్య: తోక అటూ ఇటూ ఊగుతోంది

ఊపు వేగాన్ని బట్టి కారణం మారుతుంది. తోక చకచకా చిన్నగా ఊగుతుంటే సాధారణంగా జైరో గెయిన్ ఎక్కువైనట్టు. ఊపు ఆగేవరకు కొద్దికొద్దిగా తగ్గించండి. రోటర్ వేగం పెంచినప్పుడు గెయిన్ మళ్లీ తగ్గించవలసి వస్తుందని కూడా గుర్తుంచుకోండి. తోక నిదానంగా, వెడల్పుగా ఊగుతుంటే మాత్రం గెయిన్ తక్కువైనా అయి ఉండాలి, లేదా తోక యంత్రాంగంలో పట్టుడో వదులో ఉండాలి. రెండోదే నేను ముందు చూడమంటాను.

టెయిల్ సర్వో (తోక బ్లేడ్ల కోణాన్ని మార్చే చిన్న మోటారు) దగ్గర బాల్ లింకును ఊడదీసి, పుష్‌రాడ్‌ను (సర్వో కదలికను తోకకు చేర్చే కడ్డీ) రెండు వేళ్లతో ముందుకూ వెనక్కూ జరపండి. స్లయిడర్ (టెయిల్ షాఫ్టు మీద జరిగే భాగం) ఆ చివర నుంచి ఈ చివరకు ఎక్కడా ఆగకుండా, చేతికి దాదాపు బరువే తెలియకుండా కదలాలి. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే బాల్ లింకు బిగుతు, పుష్‌రాడ్ గైడ్ల వరుస, టెయిల్ షాఫ్టు వంపు ఒకదాని తరువాత ఒకటి పరిశీలించండి. లింకు బిగుతుగా ఉంటే బాల్ మీద ఉండగానే ప్లయర్‌తో సున్నితంగా నొక్కితే సర్దుకుంటుంది. టెయిల్ బ్లేడ్ల బోల్టులు కదలనంత గట్టిగా ఉండకూడదు. బెల్టుతో నడిచే తోక అయితే బెల్టును వేలితో నొక్కి చూడండి: కొద్దిగా లోపలికి వెళ్లి వెంటనే వెనక్కి రావాలి.

సమస్య: తోక ఒక పక్కకు జరుగుతోంది, లేదా ఎగరగానే గిర్రున తిరుగుతోంది

గిర్రున తిరిగితే జైరో దిశ తప్పుగా ఉంది. మోటారు తీగలు ఊడదీసి, హెలికాప్టర్ ముక్కును చేత్తో కుడివైపు తిప్పండి. ట్రాన్స్‌మిటర్‌లో ఎడమ రడ్డర్ (తోకను తిప్పే కంట్రోల్) ఇచ్చినప్పుడు సర్వో ఎటు కదులుతుందో ఇప్పుడూ అటే కదలాలి. నెమ్మదిగా జరుగుతుంటే, బ్యాటరీ కలిపిన తరువాత జైరో సిద్ధమయ్యేలోపు హెలికాప్టర్ కదిలి ఉండవచ్చు. ఎండాకాలంలో ఏసీ కారులోంచి నేరుగా ఎండలోకి తెచ్చి ఎగరేసినా ఇదే జరుగుతుంది. కొన్ని నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు బ్యాటరీ కలపండి. హెడింగ్ హోల్డ్ మోడ్‌లో (జైరో తోకను ఉన్న దిశలోనే నిలిపే మోడ్) రడ్డర్ ట్రిమ్‌తో దీన్ని సరిదిద్దకూడదు.

సమస్య: మోటారు శబ్దం పెరుగుతోంది, రోటర్ వేగం పెరగడం లేదు

మోటారు షాఫ్టు మీద పినియన్ (చిన్న గేర్) జారుతూ ఉండవచ్చు. గ్రబ్ స్క్రూ (పినియన్‌ను పట్టి ఉంచే తలలేని స్క్రూ) కూర్చునే చోట షాఫ్టు చదునుగా ఉందో లేదో చూసి, థ్రెడ్‌లాక్‌తో బిగించండి. అది గట్టిగానే ఉంటే వన్‌వే బేరింగును చూడాలి. మెయిన్ గేర్‌ను పట్టుకుని రోటర్ తలను తిప్పితే, అది ఒక దిశలో స్వేచ్ఛగా తిరిగి రెండో దిశలో వెంటనే పట్టాలి. జారితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పలుచని నూనె ఒకటి రెండు చుక్కలు వేయండి. చిక్కటి గ్రీజు పెడితే రోలర్లు పట్టవు. స్లీవ్ (ఆ బేరింగు లోపలి గొట్టం) మీద గీతలు పడి ఉంటే దాన్నీ మార్చాలి.

సమస్య: సర్వోలు ఉన్నట్టుండి తుళ్లిపడుతున్నాయి

పొడి గాలిలో రబ్బరు బెల్టు రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి, అది రిసీవర్ వైపు దూకడం ఒక కారణం. తోక బూమ్‌కూ (తోకను మోసే గొట్టం) మోటారు మౌంటుకూ మధ్య సన్నని తీగ కలిపి, బెల్టుకు కొద్దిగా సిలికాన్ స్ప్రే కొడితే తగ్గుతుంది. తగ్గకపోతే సర్వో తీగలు కార్బన్ ఫ్రేమ్ అంచుకు ఒరుసుకుని ఇన్సులేషన్ పోయిందేమో ఒక్కో అంగుళం చూడండి.

సమస్య: ఎగురుతుండగా శక్తి త్వరగా తగ్గిపోతోంది

ఇది చాలాసార్లు బ్యాటరీ వయసు. ఉబ్బిన ప్యాకును ఇక వాడవద్దు. మంచి ప్యాకుకైనా సామర్థ్యంలో 80 శాతానికి మించి వాడకుండా టైమర్ పెట్టండి. 2,200 ఎంఏహెచ్ ప్యాకులోకి ఛార్జర్ తిరిగి ఎక్కించేది 1,760 దాటితే టైమర్ తగ్గించాలి. వారం పది రోజులు ఎగరేయనప్పుడు సెల్ ఒక్కింటికి 3.8 వోల్టుల దగ్గర ఉంచి, ఎండ తగలని చోట పెట్టండి.