టేబుల్‌టాప్ ఆర్‌పీజీలో రాయబారం నడపడం ఎలా?

టేబుల్‌టాప్ ఆర్‌పీజీ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఇలాంటి ఆటల్లో కత్తియుద్ధానికి పేజీలకు పేజీలు రూల్స్ ఉంటాయి. ఎవరు ముందు, ఎవరు ఎంత దూరం కదలొచ్చు, ఎంత దెబ్బ తగిలింది, అన్నిటికీ లెక్క ఉంటుంది. అదే శత్రువుతో మాట్లాడి పని సాధించుకుందాం అనుకుంటే మాత్రం చాలా టేబుళ్ల దగ్గర ఇరవై ముఖాల డైస్ ఒక్కసారి వేసి తేల్చేస్తారు. ఆట నడిపే డంజన్ మాస్టర్ అంటాడు: "పర్సుయేషన్ వెయ్యి", అంటే ఒప్పించగలవో లేదో డైస్ వేసి చూడు అని. పద్దెనిమిది పడింది. "సరే, ఒప్పుకున్నాడు." సెషన్‌లో అందరికంటే బాగా పండాల్సిన ఘట్టం అలా అర నిమిషంలో అయిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక్కడ పట్టుకోవాల్సిన కిటుకు ఒకటే. అవతలివాడికి కూడా ఏదో కావాలి. అదేంటో ప్లేయర్లు కనిపెట్టాలి. డైస్ వంతు ఆ తర్వాతే.

బెంగళూరులో మేం తెలుగువాళ్లం కలిసి ఆడుకునే కథలోంచి ఒక సన్నివేశం పట్టుకుని చెప్తాను. కథాకాలం 1565 తళ్లికోట యుద్ధం తర్వాత. విజయనగర రాజధాని పెనుకొండకు మారింది, పాలెగాళ్లు ఎక్కడికక్కడ బలపడుతున్నారు. కెంపేగౌడ 1537లో కట్టించిన బెంగళూరు పేటకు మన ప్లేయర్లు పెనుకొండ నుంచి సరుకు బండ్లు తోలుకెళ్తున్నారు. దారిలో ఒక కనుమ, దాని మీద ఒక పాలెగాడి కోట. ఆ పాలెగాడు మా కల్పనే.

ముందుగా కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి

ఆట నడిపేది మీరైతే, సెషన్‌కి ముందు ఆ అవతలి పాత్ర గురించి నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి: పైకి ఏం అడుగుతాడు, లోపల నిజంగా ఏం కావాలి, ఏ మాట ఎత్తితే మండిపోతాడు, బేరం కుదరకపోతే ఏం చేస్తాడు.

మొదటి రెండిటికీ తేడా బెంగళూరులో ఇల్లు వెతుక్కున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఓనరు పది నెలల అడ్వాన్స్ అంటాడు. పాత అద్దెవాళ్లు గోడలు పాడుచేసి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారన్నది ఆయన అసలు బాధ. ఆ సంగతి తెలిస్తే ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు మాదేనని రాసిచ్చి అడ్వాన్స్ తగ్గించుకోవచ్చు. తెలియకపోతే అంకె దగ్గరే గుంజులాట.

మా పాలెగాడు పైకి అడిగేది బండికి ఐదు వరహాలు. లోపల కావాల్సింది వానలకి కూలిన కోట గోడ మళ్లీ లేవడం. పక్క పాలెగాడు అది చూస్తే మీదకొస్తాడని భయం. పెనుకొండ పేరు చెప్పి బెదిరిస్తే పడదు. బేరం చెడితే బండ్లు రాత్రికి దోపిడీ అవుతాయి.

ఆ అసలు అవసరం తాలూకు ఆనవాళ్లు సన్నివేశంలో కనీసం రెండు చోట్ల కనపడనివ్వండి. కోటలోకి వస్తుంటే వెదురు తడికలతో కప్పిన గోడ, కాపలావాళ్ల చేతులకి మట్టి. ప్లేయర్లు చూడ్డానికి ఏమీ పెట్టకుండా కనిపెట్టమనడం అన్యాయం.

ప్లేయర్ల చేత కోరిక స్పష్టంగా చెప్పించండి

కోటలో అడుగు పెట్టకముందే అడగండి: "మీకు ఏం కావాలి? కనీసం ఎంత దొరికితే ఒప్పుకుంటారు?" కృష్ణుడు రాయబారానికి వెళ్లినప్పుడు అర్ధరాజ్యం కాకపోతే ఐదూళ్లైనా చాలన్నది పాండవులు ముందే అనుకున్న మాట. ఆ అట్టడుగు గీత తెలియని బృందం టేబుల్ దగ్గర తమలో తామే వాదులాడుకుంటుంది, పాలెగాడు చూస్తూ కూర్చుంటాడు.

ఓపికకి చింతగింజలు, ఆసక్తికి గవ్వలు

డ్రా స్టీల్ అనే ఆటలో రాయబారాలకి ప్రత్యేకంగా రూల్స్ ఉన్నాయి. అవతలి పాత్రకి ఆసక్తి, ఓపిక అని రెండు కొలతలు, రెండూ 0 నుంచి 5 దాకా. నాకు తెలిసినంతలో ఇంతకంటే పనికొచ్చే పనిముట్టు లేదు. మీరు ఏ ఆట ఆడుతున్నా దీన్ని తెచ్చుకోవచ్చు.

టేబుల్ మధ్యలో గిన్నెలో నాలుగు చింతగింజలు వేయండి, అవి పాలెగాడి ఓపిక. పక్కన రెండు గవ్వలు, అవి ఆసక్తి. ప్లేయర్లు ఒక వాదన పెట్టినప్పుడల్లా సాధారణంగా ఒక గింజ తీసేయండి. వాదన అసలు అవసరానికి తగిలితే గవ్వ కలపండి. పడని మాట ఎత్తితే గింజతో పాటు గవ్వా పోతుంది. గింజలు అయిపోయాక ఇంక మాటల్లేవు, అప్పటికి ఎన్ని గవ్వలుంటే అంతే ఫలితం. అందరి కళ్లెదుటా గిన్నె ఖాళీ అవుతుంటే పుట్టే టెన్షన్ మాటల్లో చెప్పలేను.

మా టేబుల్ దగ్గర ఇలా నడిచింది:

"దొరా, బండికి రెండు వరహాలు ఇచ్చుకుంటాం."

"మీరు సంతలో బెల్లం బేరమాడుతున్నారా?" ఒక గింజ పోయింది.

"మేం రాయలవారి మనుషులం, ఆలోచించుకోండి."

పాలెగాడు లేచి నిలబడ్డాడు. "ఏ రాయలు? నీ రాయలు ఈ కనుమ ఎక్కి ఎన్నేళ్లయింది?" ఒక గింజ, ఒక గవ్వ.

అంతదాకా నోరు విప్పని ప్లేయరు అప్పుడు మెల్లగా అన్నాడు: "మా బండ్లలో సున్నం ఉంది దొరా. మాతో ఇద్దరు తాపీ మేస్త్రీలు కూడా ఉన్నారు."

ఆ మాటకి డైస్ అక్కర్లేదు. నేరుగా రెండు గవ్వలు కలిపాను.

డైస్ ఎప్పుడు వేయించాలి?

వాదన తగులుతుందో లేదో మీకే తెలియనప్పుడు మాత్రమే. ముందు ఏం చెప్తున్నారో వినండి, ఆ తర్వాత వేయించండి. తిరుగులేని మాటకి డైస్ వేయించి ఓడించకండి. కుదరని కోరికకి 20 పడినా కుదిరిందనకండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి డంజన్ మాస్టర్ పుస్తకమే చెప్తుంది: ప్లేయరు 20 తెచ్చుకున్నా, శత్రుభావంతో ఉన్న పాత్ర తనకి నష్టం లేని పనైతేనే చేస్తుంది. ముందు వైఖరి మారాలి, తర్వాతే పెద్ద సాయం.

మీరు సిద్ధం చేసుకోని పాత్ర ఎదురైతే 1974 తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోని పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఆరు ముఖాల డైస్ రెండు వేయండి. మొత్తం 5 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే వ్యతిరేకం, 6 నుంచి 8 అయితే ఎటూ తేల్చడు, 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే సానుకూలం.

మాటకారి కాని ప్లేయరు

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. రోజంతా ఆఫీసులో ఇంగ్లీషు మీటింగుల్లో తలమునకలైన మనిషికి సాయంత్రం రాజనీతి మాట్లాడమంటే మాటలు రాకపోవచ్చు. "నా క్యారెక్టర్ ఆయన గౌరవానికి భంగం రాకుండా, సాయం ఇవ్వజూపుతుంది" అని మామూలుగా చెప్తే చాలు, దాన్ని వాదనగానే లెక్కించండి. కత్తి తిప్పడం రాని ప్లేయరు యుద్ధం గెలవట్లేదా?

ఆట నడిపే మీరు మాత్రం మీ పాత్రగా మాట్లాడండి, నటన రాకపోయినా పర్లేదు. తెలుగులో ఆడేవాళ్లకి ఒక గొప్ప సౌకర్యం ఉంది. పాలెగాడు "మీరు" దగ్గర మొదలుపెట్టి, ఓపిక తగ్గేకొద్దీ "నువ్వు", చివరికి "ఏరా" దాకా వస్తే, గిన్నె వైపు చూడకుండానే అందరికీ పరిస్థితి అర్థమవుతుంది.

ఫలితం చెప్పేటప్పుడు

"సరే", "కాదు" రెండే కాదు, మధ్యలో చాలా ఉన్నాయి. గవ్వలు లేకపోతే కాదు, పైగా వెంటపడతాడు. ఒకటుంటే కాదు. రెండుంటే కాదు కానీ పాత దారి ఒకటి చూపిస్తాడు. మూడుంటే సరే కానీ గోడ లేచేదాకా మేస్త్రీలు ఇక్కడే. నాలుగుంటే సరే. ఐదుంటే సరే, పైగా కాపలాకి మనుషుల్ని పంపిస్తాడు.

మా బృందానికి మూడు గవ్వలు మిగిలాయి. మేస్త్రీలని వదిలి వెళ్లాల్సొచ్చింది. అలాంటి షరతులన్నీ ఎవరు, ఎవరికి, ఎప్పటిలోగా అని తేదీతో సహా నోట్సులో రాసుకోండి. తర్వాతి సెషన్లలో వాళ్లు మేస్త్రీల కోసం తిరిగి వచ్చినా, రాకపోయినా, పాలెగాడు ఏం చేస్తాడో ఆ కాగితం చూసే నిర్ణయించండి.