తుఫాన్ల నెలలు వస్తున్నాయి, పాత అంబాసిడర్లు, ఫియట్లు ఉన్నవాళ్లకు

కారు మునిగితే సెల్ఫ్ కొట్టకండి. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. ఇంజిన్ సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల) లాగి చూడండి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, ఇంజిన్ అసలు తిప్పొద్దు, మెకానిక్‌ని పిలవండి.

కొబ్బరిచెట్టు కింద నీడ బాగుంటుంది, నిజమే. కానీ కారు అక్కడ పెట్టకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్ని చెట్లు కూలాయో చూశాం కదా.

డోర్ల అడుగు అంచున చిన్న కన్నాలుంటాయి. చీపురుపుల్లతో పొడిచి మట్టి తీయండి. అవి మూసుకుపోతే అద్దం పక్కనుంచి దిగిన నీరు లోపలే నిలిచి, డోరు కింద నుంచి తుప్పు పడుతుంది. పైకి పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, అదే మోసం.

ప్లాస్టిక్ పట్టా నేరుగా బాడీ మీద కప్పొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఇంకా త్వరగా తుప్పు. షెడ్డులో గుడ్డ కవరు చాలు.

హ్యాండ్‌బ్రేక్ వేసి వారాలు వదిలేయకండి, బ్రేక్ షూలు డ్రమ్ముకు అంటుకుపోతాయి. గేరులో ఉంచి చక్రాలకు ఇటుకలు పెట్టండి.

అలా వారాలు వదిలేసేటప్పుడు బ్యాటరీ తీగ విప్పేయండి.