దొంగతనం తర్వాత అమ్మకి మళ్ళీ నిద్ర పట్టడానికి ఏం చేశామంటే (నా అనుభవం)

నాన్న పోయిన కొద్ది రోజులకే ఇంట్లో దొంగలు పడ్డారు. అప్పటినుంచి చిన్న చప్పుడైనా అమ్మ లేచి కూర్చునేది. కెమెరా, అలారం, మా దగ్గరికి వచ్చేయమని బతిమాలడం, ఏవీ పనిచేయలేదు.

పోలీసులు ఫొటోలు తీసుకున్నాకే తలుపు ముట్టుకున్నాం. తాళం బాగానే ఉంది; గడియ దూరే ఇనుప పట్టీయే ద్వారబంధం నుంచి ఊడొచ్చింది. దాన్ని పట్టి ఉంచినవి పొట్టి స్క్రూలు. ముందు తాళం సిలిండర్ (తాళంచెవి దూరి తిరిగే భాగం) మార్చాం, ఎందుకంటే తాళంచెవుల గుత్తి కూడా పోయింది. తర్వాత మందమైన పట్టీ పెట్టి, చెక్కలోకి లోతుగా దిగేలా 3 అంగుళాల స్క్రూలు బిగించాం. అమ్మని పక్కనే ఉంచుకుని, ఏది ఎందుకో చెబుతూ చేశాను. చివరికి లోపల తనతోనే గడియ వేయించి, బయటినుంచి భుజంతో గట్టిగా తోశాను. తలుపు కదల్లేదు. ఆ రాత్రి నుంచి తన టెన్షన్ తగ్గింది. నా ఉద్దేశంలో స్క్రూల కంటే ఆ పరీక్షే ఎక్కువ పనిచేసింది.

అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. దొంగలు కిటికీలోంచి వచ్చి ఉంటే పని అక్కడ మొదలవ్వాలి. చెక్క పుచ్చిపోతే ఎంత పొడుగు స్క్రూ అయినా నిలవదు. నాన్న లేని బెంగ మాత్రం వేరే. నిద్రలేమి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.