ఏరువాకకు ముందు: దుక్కిలో లోహపు వస్తువు ఏదైనా తగిలితే

రోహిణి కార్తె ఎండలు తగ్గి నాలుగు చినుకులు పడితే చాలు, వంశధార, నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ దుక్కికి దిగుతాయి. అంతకుముందే ఉపాధి హామీ పనుల్లో చెరువుల పూడిక తీస్తారు. ఉద్దానంలో కొబ్బరి మొక్కలకు గోతులు తవ్వుతారు. కొత్త ఇళ్లకు పునాదులు పడతాయి. ఏడాది మొత్తంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మట్టి ఎక్కువగా కదిలేది ఈ రెండు నెలల్లోనే. ఆ కదలికలో గునపానికో కల్టివేటర్‌కో ఏదో ఒకటి ఖంగుమని తగులుతుంది. ఆ తర్వాత గంటసేపు మనం చేసే పనుల గురించే ఇదంతా రాస్తున్నాను. ఎందుకంటే నష్టమంతా ఆ గంటలోనే జరుగుతుంది.

మా మేనమామది సరుబుజ్జిలి వైపు ఊరు. దంతవరపుకోట పాత మట్టిగోడలకు ఎంతో దూరం కాదు. చాలా ఏళ్ల కిందట ఆయన గట్టు సరిచేస్తుంటే పచ్చగా చిలుము పట్టిన రేకు ఒకటి బయటపడింది. జానెడు పొడవు, అరచెయ్యంత వెడల్పు, ఒక పక్కన గుండ్రటి చిల్లు. నేను వెళ్లి చూసేసరికి అది కొత్త చెంబులా తళతళ మెరుస్తోంది. మా అత్తయ్య దాన్ని చింతపండు, ఇటుక పొడి వేసి తోమేసింది. "పాచి పట్టిపోనాది, తోమకపోతే అదేటో ఎలా తెలుస్తాది బాబూ?" అంది. ఆవిడ తప్పు లేదు, ఎవరైనా అదే చేస్తారు. కానీ రేకును ఏటవాలుగా వెలుగులో పెట్టి చూస్తే, ఒక మూల మూడు నాలుగు అక్షరాల అడుగు గీతలు మాత్రం మిగిలి ఉన్నాయి. మిగతాదంతా నున్నగా అరిగిపోయింది. శాసనాలు చదవగలిగిన ఒక మాస్టారు చూసి, రాగి శాసనంలోని రేకు అన్నారు. ఆ చిల్లు ఉంగరం పట్టేందుకట. "మిగతా రేకులు, ఉంగరం ఏవి?" అని అడిగారు. ఎక్కడ దొరికిందో మావయ్యకు గుర్తులేదు. అప్పటికే గట్టు మళ్లీ వేసేశాడు.

ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగరాజుల దాన శాసనాలు ఇలాగే ఉంటాయి. కొన్ని రాగి రేకుల్ని ఒక ఉంగరానికి గుచ్చి, ఉంగరం మూతి దగ్గర ముద్ర వేస్తారు. ఆ ముద్ర మీద చాలాసార్లు నంది ఉంటుంది. లోపల ఏ ఊరు ఎవరికి దానం ఇచ్చారో, దాని ఎల్లలు ఏవో, ఏ చెరువు, ఏ చెట్టు, ఏ పుట్ట హద్దో రాసి ఉంటుంది. అంటే మన ఊరికే ఒకప్పుడు ఉన్న పేరు ఆ రేకు మీద ఉండొచ్చు. శ్రీముఖలింగం ఆ రాజుల రాజధాని ప్రాంతం. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. విజయనగరం వైపు రామతీర్థం కొండల మీద బౌద్ధుల, జైనుల ఆనవాళ్లు ఉన్నాయి. ఇలాంటి నేలలో నాగలి పెడుతున్నామని గుర్తుంచుకుంటే చాలు, సగం జాగ్రత్త వచ్చేసినట్టే.

ముందు ట్రాక్టర్ ఆపండి

దుక్కి మొదలుపెట్టే రోజు ఉదయమే ట్రాక్టర్ డ్రైవర్‌కు, కూలీలకు ఒక మాట చెప్పండి. లోహం చప్పుడు వినిపిస్తే ఇంజను ఆపాలి, మళ్లీ వెనక్కి తోలకూడదు. రోటవేటర్ అయితే మరీ జాగ్రత్త, దాని బ్లేడ్ల కింద పడ్డ వస్తువు ముక్కలుగా కూడా మిగలదు. గునపంతో ఇంకో రెండు పోట్లు పొడిచి చూద్దామనే ఆత్రం అందరికీ ఉంటుంది. ఆ రెండు పోట్లే ప్రమాదం, వస్తువుకూ మనిషికీ.

మనిషికి ప్రమాదం ఎలాగంటారా? ఈ నేల యుద్ధాలు చూసింది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫిరంగులు మోగాయి. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనకూ విజయనగరం సేనకూ యుద్ధం జరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. ఫిరంగి గుండ్లలో రెండు రకాలు ఉంటాయి. ఒకటి పూర్తిగా ఇనుము, అది బరువైన రాయిలాంటిదే. రెండోది బోలుగా ఉండి లోపల మందు కూరినది. భూమిలో వందేళ్లకు పైగా ఉన్నా ఆ మందు చచ్చిపోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, దాదాపు 140 ఏళ్ల నాటి అంతర్యుద్ధం గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి ఒక మనిషి చనిపోయాడు.

అందుకే గుండ్రంగా ఉండి ఒకచోట చిల్లో బిరడానో ఉన్నది, పొడుగ్గా ఉండి ఒక కొస మొనదేలి ఇంకో కొసన రెక్కలున్నది, సీలు చేసిన గొట్టం లాంటిది, గ్యాసు బుడ్డి ఆకారంలో ఉన్నది కనిపిస్తే ఇక పరీక్షలు అక్కర్లేదు. తాకకండి, మట్టి కప్పకండి, నీళ్లు పోయకండి, పక్కన సెల్‌ఫోన్ మోగించుకుంటూ నిలబడకండి. వచ్చిన దారినే వెనక్కి నడిచి, నాలుగు కర్రలు పాతి తాడు కట్టి, పిల్లల్నీ పశువుల్నీ దూరం పంపి 112కి ఫోన్ చేయండి. బాంబు స్క్వాడ్‌ను పిలిచే పని పోలీసులది.

ఇంకొకటి అరుదే గానీ చెప్పక తప్పదు. చిన్నదైనా విపరీతమైన బరువున్న సీసపు డబ్బా, దాని మీద మూడు రెక్కల గుర్తు ఉంటే అది రేడియేషన్ పరికరం. 2010లో ఢిల్లీలోని మాయాపురిలో ఇలాంటి కోబాల్ట్ పరికరం తుక్కు దుకాణానికి చేరింది. దాన్ని విప్పినవాళ్లు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. అలాంటి డబ్బా మూత తీయొద్దు, 112కే చెప్పండి.

గోతిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూడండి. ఈ కాలంలో పాములు, తేళ్లు చల్లదనం కోసం అక్కడే చేరతాయి. చెయ్యి తెగితే నీళ్లతో బాగా కడిగి, టీటీ ఇంజెక్షన్ సంగతి ఆరోగ్య కేంద్రంలో అడగండి. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని అనుకుంటాం గానీ ఆ సూక్ష్మజీవి ఉండేది మట్టిలోనే.

తోమకుండానే ఏమిటో ఎలా తెలుస్తుంది?

ప్రమాదం లేదని నమ్మకం కుదిరాక, చూపుతోనే చాలా తెలుసుకోవచ్చు. పచ్చటి చిలుము ఉంటే రాగి, కంచు, ఇత్తడిలో ఏదో ఒకటి. ఎర్రగా ఉబ్బి పొరలు పొరలుగా ఊడుతుంటే ఇనుము. బూడిదరంగు పొర పట్టి, బరువుగా ఉండి, గోరుతో గీకినా గీత పడేంత మెత్తనైతే సీసం కావచ్చు. కానీ గీకి చూడకండి, సీసం ఒంటికి మంచిది కాదు. వెండి నల్లబడుతుంది. బంగారం ఒక్కటే మట్టిలో రంగు మారదు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని దగ్గరకు తీసుకెళ్తే ఇనుము పట్టుకుంటుంది, రాగి, ఇత్తడి పట్టుకోవు. ఈ పరీక్ష కూడా పైన చెప్పిన ఆకారాలకు వద్దు.

కాలం తెలుసుకోవడానికి నేను మొదట చూసేవి రెండు: లోహం, మరలు. తేలికైన తెల్లటి అల్యూమినియం అయితే అది ఎంతో పాతది కాదు, 1886 తర్వాతే దాన్ని చవగ్గా తీయడం సాధ్యమైంది. ఆరు పలకల నట్టు, అచ్చు వేసిన నంబరు, ఒకే తీరుగా సాగిన మర ఉంటే ఏదో యంత్రం ముక్క. మన పొలాల్లో దొరికే 'వింత వస్తువులు' ఎక్కువగా ఇవే: విరిగిన కల్టివేటర్ కర్రు, ఎద్దుల నాడా, బండి ఇరుసు ముక్క, చెరకు గానుగ పళ్లచక్రం, పాత పంపు పార్టు. అది తెలిస్తే నిరాశ పడక్కర్లేదు. పాత గానుగ చక్రం ఊళ్లో ముసలాళ్లకు చూపిస్తే పదిమంది పది కబుర్లు చెబుతారు.

చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో మాంగనీసు గనులు ఉన్నాయి కాబట్టి అక్కడ నల్లటి బరువైన గడ్డలు తరచుగా దొరుకుతాయి. ఆకాశం నుంచి పడ్డ ఉల్క అని కొందరు, ఏదో నిధి అని కొందరు అంటారు. వాటిని గుర్తుపట్టే ఉపాయం ఒకటి ఉంది. బకెట్‌ను అంచుదాకా నీళ్లతో నింపి గడ్డను మెల్లగా దించి, బయటికి పొర్లిన నీళ్లు కొలవండి. లీటరు నీళ్లకు గడ్డ బరువు రెండున్నర, మూడు కేజీలు ఉంటే మామూలు రాయి. నాలుగు కేజీల దాకా వస్తే ముడిఖనిజం కావచ్చు. ఎనిమిదికి దగ్గరపడితే ఇనుము, తొమ్మిదికి దగ్గరైతే రాగి, 11 దాటితే సీసం. గడ్డ నిండా బుడగల చిల్లులుంటే కొలిమి చిట్టెం. ఉల్కల్లో అలాంటి చిల్లులు దాదాపు కనిపించవు. ఈ నీళ్ల పరీక్ష గడ్డలకు మాత్రమే. అక్షరాలో బొమ్మో ఉండే అవకాశం ఉన్న దేన్నీ నీళ్లలో ముంచకండి.

అలాంటి వస్తువును మట్టితోనే ఉంచండి. చింతపండు, నిమ్మకాయ, ఇటుక పొడి, ఇసుక కాగితం, కిరసనాయిలు ఏదీ వద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, తడినేల నుంచి వచ్చిన ఇనుము గబుక్కున ఆరితే పగిలి పొరలు ఊడుతుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో మట్టి ఉప్పగా ఉంటుంది కాబట్టి రాగి, కంచు వస్తువుల మీద లేత పచ్చటి పొడి రాలే మచ్చలు వస్తాయి. తడి తగిలేకొద్దీ అవి లోహాన్ని తింటూ పోతాయి. కాబట్టి ఎక్కువ రోజులు ఇంట్లో ఉంచుకునే ఆలోచన వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, దొరికిన చోటు. తీసేముందు ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తీయండి. పక్కన పది రూపాయల నాణెం పెట్టండి, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు, కొలత దానంతటదే వస్తుంది. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. పైనుంచి ఎన్ని జానల లోతో, నల్లమట్టో ఎర్రమట్టో, చుట్టూ పెంకులు, ఇటుకలు, బొగ్గు ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. చోటు తెలియని రేకు అనాథ. మావయ్య రేకు విషయంలో నాకు ఇప్పటికీ బాధ కలిగించేది చెరిగిపోయిన అక్షరాల కన్నా ఆ చోటే. అక్కడే ఇంకా రెండు రేకులు ఉండొచ్చు, ఏటా వాటి మీదనుంచి నాగలి పోతూ ఉండొచ్చు.

మనుషుల విషయంలో జాగ్రత్త

కబురు పొక్కితే సాయంత్రానికి మూడు రకాల మనుషులు వస్తారు. పాత సామాన్ల వ్యాపారి కేజీ లెక్కన ధర చెబుతాడు. నిధి ఉందని, పూజ చేసి తీస్తామని ఇంకొకరు వస్తారు, వాళ్లను గడప కూడా ఎక్కనివ్వొద్దు. మూడోవాడు అన్నిటికన్నా చేటు: చెంబు చూసి ఇది 'రైస్ పుల్లర్' అంటాడు, ఇరిడియం ఉంది, కోట్లు పలుకుతుందంటాడు, ముందు పరీక్ష ఫీజు కట్టమంటాడు. ఏ లోహమూ బియ్యాన్ని లాగదు. బియ్యంలో ఇనుప రజను కలిపి, చాటుగా అయస్కాంతం పెట్టి చూపించే గారడీ అది. ఆ మాటలు నమ్మి పొలం అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ఎవరి మీదా అనుమానంతో కాదు గానీ, ఫోటో కూడా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. రాత్రికే గోతి చుట్టూ టార్చిలైట్లు తిరుగుతాయి.

సర్కారుకు చెబితే మొత్తం పోతుందా?

ఈ భయం వల్లే చాలా వస్తువులు కొలిమిలో కరిగిపోతున్నాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. దాని ప్రకారం భూమిలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి: ఏమి దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ రోజు. చెప్పకుండా దాచితే ఏడాది దాకా జైలు పడొచ్చు. కానీ అదే చట్టం దొరికినవాడి హక్కు కూడా చెబుతుంది. వందేళ్లకు పైగా దాగి ఉండి, దానికి వారసుడెవరూ తేలక, వేరే ఒప్పందమూ లేకపోతే ముప్పావు వంతు దొరికినవాడికి, పావు వంతు నేల యజమానికి. ప్రభుత్వం దాన్ని ఉంచుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి హక్కుదారులకు ఇవ్వాలి. కూలీగా తవ్వినవాడికీ ఇందులో మాట ఉంటుంది, రైతు ఒక్కడిదే కాదు. ఈ సంగతి ముందే మాట్లాడుకుంటే గొడవలు రావు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలను లైసెన్సు లేకుండా వ్యాపారంగా అమ్మకూడదు, దేశం దాటించకూడదు. ఇక పొలం పోతుందనే టెన్షన్. వస్తువు అప్పగించినంత మాత్రాన పొలం పోదు. 1958 నాటి కేంద్ర చట్టం కింద ఒక చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించాలంటే ముందు నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి.

పద్ధతి తేలికే. మీ వీఆర్వోకు చెప్పండి, తహసీల్దార్ కార్యాలయంలో కలెక్టర్‌ పేరిట అర్జీ ఇవ్వండి, ఫోటోలు జతచేయండి. అర్జీ రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. వస్తువు అప్పగించేటప్పుడు బరువు, కొలతలు రాసిన రసీదు లేకుండా చేతిలో పెట్టొద్దు. తీసుకెళ్లేటప్పుడు మట్టితో సహా నూలు గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి పెట్టండి. బండి వెనక గోనెసంచిలో కుదుపుకుంటూ పోతే దారిలోనే విరుగుతుంది.

ఈ వారంలోనే ట్రాక్టర్ డ్రైవర్ ఫోన్‌లో వీఆర్వో నంబరు, మీ పోలీస్ స్టేషన్ నంబరు ఎక్కించండి. నాలుగు కర్రలు, ఒక తాడు చుట్ట, పాత నూలు పంచె ఒకటి ట్రాక్టర్ టూల్ బాక్సు పక్కన పెట్టండి.