అయస్కాంత నానో నిర్మాణాలు, 3వ భాగం: తీగను వాల్చడం

కిందటి భాగంలో నిటారు స్తంభం నిలబెట్టాం. కోబాల్ట్ కార్బోనిల్ ఆవిరి నాజిల్ గుండా వచ్చి చిప్ మీద వాలుతుంది, అణువులు కాసేపు అంటుకుని ఉంటాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కిరణం పడిన చోట ఎలక్ట్రాన్లు వాటిని విరగ్గొడతాయి, కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు ఎగిరిపోయి కోబాల్ట్ మిగులుతుంది. కిరణం కదలకుండా ఉంటే స్తంభం లేస్తుంది, నెమ్మదిగా పక్కకు జరిపితే తీగ వాలుతుంది. ఈ వారం మనం నేర్చుకునేది ఆ వాలును చెప్పినట్టు వినేలా చేయడం.

ఇంత పట్టింపు ఎందుకంటే, సన్నటి కోబాల్ట్ తీగలో అయస్కాంతీకరణ తీగ పొడవునే పడుకోవడానికి ఇష్టపడుతుంది, అంటే తీగను ఎటు వంచితే అయస్కాంతం అటు తిరుగుతుంది. 2020లో ఇలా పెంచిన కోబాల్ట్ జంట మెలికల్లో (ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు తీగలు) ఒక భాగాన్ని కుడికి, దాని మీది భాగాన్ని ఎడమకు తిప్పి, ఆకారం ఎటు మెలి తిరిగితే అయస్కాంతీకరణ కూడా అటే మెలి తిరుగుతుందని చూపించారు. నన్ను ఈ పనిలోకి లాగింది అదే. ఆకారం తప్పితే అయస్కాంతం కూడా తప్పుతుంది.

లెక్క చిన్నదే. తీగ పైకి పెరిగే వేగాన్ని కిరణం పక్కకు జరిగే వేగంతో భాగిస్తే వాలు కోణం టాంజెంట్ వస్తుంది. పెరుగుదల సెకనుకు 50 నానోమీటర్లు అనుకుందాం, కిరణాన్ని కూడా 50తో జరిపితే 45 డిగ్రీలు. నిజానికి కిరణం అడుగులు వేస్తూ వెళుతుంది, కాబట్టి ఒక్కో నానోమీటర్ అడుగు దగ్గర 20 మిల్లీసెకన్లు ఆగమని చెప్పాలి. ఆగే సమయం పెంచితే తీగ నిటారుగా లేస్తుంది, తగ్గిస్తే పడుకుంటుంది, మరీ తగ్గిస్తే తీగ లేవకుండా చిప్ మీద గీతగా మిగిలిపోతుంది.

ఆ 50 అనే అంకె ఎవరో చెప్పింది తీసుకోకండి. గ్యాస్ ఒత్తిడి, నాజిల్ దూరం, కిరణం కరెంట్ ఏది మారినా అది మారుతుంది. నిన్నటి మీ సొంత అంకె కూడా ఈరోజు పనికిరాకపోవచ్చు. ఆకారాన్ని గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ వాటికి కూడా ఈ అంకె మీరే ఇవ్వాలి. కోబాల్ట్‌కు బదులు ప్లాటినం మిగిల్చే గ్యాస్‌తో ముందు చెయ్యి తిప్పుకోవడం మంచిదే, అయితే అక్కడి అంకెల్ని ఇక్కడికి తెచ్చుకోవద్దు.

గ్యాస్ తెరిచాక ఒత్తిడి నిలకడకు వచ్చేదాకా ఆగి, ఒకే చోట వరుసగా స్తంభాలు పెంచండి, ఒకటి 10 సెకన్లు, ఒకటి 20, ఒకటి 30. స్టేజ్‌ను, అంటే చిప్ కూర్చున్న పీటను, 45 డిగ్రీలు వంచి ఫోటో తీయండి. ఫోటోలో కనిపించే ఎత్తు అసలు ఎత్తు కాదు, దాన్ని వంపు కోణం సైన్‌తో భాగించాలి, 707 నానోమీటర్లు కనిపిస్తే అసలు 1000. వాలు తీగల్ని స్టేజ్ వంగే అక్షం వెంబడే గీస్తే అడ్డం కొలత మారకుండా కనిపిస్తుంది, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ఇప్పుడు చాలామంది పొరబడే చోటు. ఆ మూడు స్తంభాల ఎత్తులు 500, 960, 1370 నానోమీటర్లు వచ్చాయనుకోండి. మొత్తాన్ని 30తో భాగించి దాదాపు 46 అని రాసుకోకండి. చివరి 10 సెకన్లలో పెరిగింది 410 మాత్రమే, అంటే కొన దగ్గర వేగం 41. కిరణం పుట్టించే వేడి సన్నటి తీగ గుండానే కిందికి దిగాలి. తీగ పొడవయ్యేకొద్దీ దారి పొడవై కొన వేడెక్కుతుంది, వేడి కొన మీద అణువులు ఎక్కువసేపు నిలవవు, పెరుగుదల తగ్గుతుంది. మీరు వేగం మార్చకపోతే సూటిగా వెళ్లాల్సిన తీగ పైకి వెళ్లేకొద్దీ వాలిపోతూ విల్లులా వంగుతుంది. అందుకే ఆగే సమయాన్ని పొడవుతో పాటు పెంచుకుంటూ పోవాలి, మొదట్లో 20 మిల్లీసెకన్లు, వేగం 40కి పడిపోయిన చోట 25.

కరెంట్ తగ్గిస్తే వేడి తగ్గుతుంది, ఆకారం బాగుంటుంది. కానీ కోబాల్ట్ కార్బోనిల్‌తో కరెంట్ తగ్గేకొద్దీ కార్బన్, ఆక్సిజన్ ఎక్కువ మిగిలి అయస్కాంతత్వం బలహీనపడుతుంది. అందమైన తీగ కన్నా అయస్కాంతంగా పనిచేసే తీగే మనకు కావాలి, కాబట్టి కరెంట్ మరీ దించకుండా వేడిని సమయంతోనే సరిదిద్దడం నాకు నచ్చిన దారి.

అభ్యాసం: ఒకే ఆగే సమయంతో రెండు తీగలు పెంచండి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. కోణాలు కలవకపోతే ముందు స్టేజ్ జరుగుతోందేమో అనుమానించండి, అరగంట ఆగి మళ్లీ చేయండి. అప్పటికీ తేడా అలాగే ఉంటే నాజిల్ వైపు చూడండి, గ్యాస్ ఒక పక్క నుంచే వస్తోంది కాబట్టి రెండు తీగలకూ సమానంగా అందడం లేదేమో. ఆ రెండు కోణాలూ ఒకటయ్యాక నాలుగో భాగం తెరవండి, అక్కడ మెలిక మొదలుపెడదాం.