పీవీ మీద మాట్లాడాలా? పదవుల చిట్టా పక్కన పెట్టండి

జూన్ 28న, మాజీ ప్రధాని పీవీ నరసింహారావు జయంతి నాడు, బడిలోనో గ్రంథాలయంలోనో ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడమంటే, మనవాళ్ళు ముందుగా ఆయన పదవులన్నీ వరసగా రాసుకుంటారు. ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రి, ముఖ్యమంత్రి, ఎంపీ, విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు, ప్రధాని. అది చదివేసరికే సగం సమయం గడిచిపోతుంది, వెనక బెంచీల్లో కునికిపాట్లు మొదలవుతాయి. సోషల్ టీచరుగా ఇలాంటి సభలకు పిల్లల్ని తయారుచేసీ చేసీ నాకో పద్ధతి కుదిరింది. ఆయన కుర్చీ ఎక్కిన రోజుల్ని కాదు, దిగిన రోజుల్ని పట్టుకోండి. దాదాపు అర్ధ శతాబ్దం రాజకీయాల్లో నిలిచిన మనిషి ఎలాంటివాడో ఆ రోజులే చెబుతాయి.

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో సంవత్సరం, రెండో గడిలో నియోజకవర్గం, మూడో గడిలో అప్పటికి ఆయన పైన ఉన్న నాయకుడి పేరు. పదవికి గడి వద్దు, కావాలనే వదిలేయమంటున్నాను. రెండో గడి నింపండి. 1957 నుంచి 1977 దాకా మంథని. 1977లో, 1980లో హన్మకొండ. 1984లో, 1989లో మహారాష్ట్రలోని రాంటెక్. 1991 ఉప ఎన్నికలో నంద్యాల. 1996లో నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, బరంపురాన్నే ఉంచుకున్నారు. గోదావరి ఒడ్డున మొదలైన మనిషి సొంత జిల్లా వదిలి ఇన్ని చోట్లకు ఎందుకు పోవాల్సి వచ్చిందని వినేవాళ్ళకే అనుమానం రావాలి. మూడో గడిలో సంజీవరెడ్డి, బ్రహ్మానందరెడ్డి, ఇందిర, రాజీవ్ పేర్లు వస్తాయి. 1991 దగ్గర ఆ గడి ఖాళీగా మిగులుతుంది.

బాల్యానికి రెండు వాక్యాలు చాలు. 1921లో నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి వంగరకు దత్తత వెళ్ళారు. నిజాం రాజ్యంలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొని, ఆ తర్వాత నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు. ఇంతకుమించి సాగదీస్తే అసలు కథకు చోటుండదు.

మొదటి దిగుడు 1973 జనవరి. ఇక్కడ తొందరపడకండి, మూడు నిమిషాలైనా ఇవ్వండి. 1969 తెలంగాణ ఉద్యమం తర్వాత బ్రహ్మానందరెడ్డిని దింపి, 1971 సెప్టెంబరు 30న పీవీని ముఖ్యమంత్రిని చేశారు. 1972లో ఆయన భూపరిమితి (సీలింగు) బిల్లు పట్టుకున్నారు. మీ శ్రోతల్లో రైతులుంటే లెక్క ఎకరాల్లోనే చెప్పండి: అయిదుగురు దాకా ఉన్న కుటుంబానికి, నేల తరగతిని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. అంతకు మించింది సర్కారుకు అప్పజెప్పాలి. అసెంబ్లీలో ఉన్నవాళ్ళలో భూస్వాములు తక్కువేం కాదు. అదే ఏడు అక్టోబరు 3న, స్థానికులకే ఉద్యోగాలనే నిజాం నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోస్తాలో ప్రత్యేక రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. మంత్రులు రాజీనామా చేశారు. చివరికి పీవీ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

భూమి వల్ల దిగారా, ముల్కీ వల్లా అని వక్తలు వాదులాడుకుంటారు. మీరు ఆ గొడవలోకి పోకండి. రెండూ ఒకే ఏడాది వచ్చాయని తారీఖులతో చెప్పి, ఒక్క సంగతి జోడించండి: ఆ చట్టం పుస్తకాల్లో 1973 నాటి 1వ నంబరు చట్టంగా ఉంది, అమల్లోకి వచ్చింది మాత్రం 1975 జనవరి 1న. తెచ్చిన మనిషి అప్పటికి ముఖ్యమంత్రి కాదు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళను కలిస్తే "పీవీ ఎలాంటివారు?" అని అడగకండి, "మహానుభావుడు" అని ఊరుకుంటారు. "సీలింగులో ఎవరి భూమి పోయింది, ఎవరికి దక్కింది?" అని అడిగి చూడండి, సాయంత్రం దాకా చెబుతారు.

రెండో దిగుడు 1984. దేశమంతా కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లు వచ్చిన ఎన్నికలో పీవీ హన్మకొండలో ఓడిపోయారు. ఆ ఏడు బీజేపీ గెలిచినవి దేశం మొత్తం మీద రెండే సీట్లు. అందులో ఒకటి ఇది, గెలిచింది చందుపట్ల జంగారెడ్డి. రాంటెక్‌లో కూడా పోటీ చేశారు కాబట్టి లోక్‌సభలో మిగిలారు.

మూడోది ఆయనే దిగుదామనుకున్న 1991. ఎన్నికల్లో నిలబడలేదు, ఢిల్లీ వదిలి రావడానికి సిద్ధమయ్యారు. మే 21న శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ హత్య. సరిగ్గా నెలకు, జూన్ 21న, ప్రధానిగా ప్రమాణం.

1991 ఆర్థిక సంస్కరణల దగ్గర పొగడ్త మొదలవుతుంది, తప్పులూ దొర్లుతాయి. విదేశీ మారకం నిండుకుని దేశం బంగారం తాకట్టు పెట్టిన సంగతే తీసుకోండి. మే నెలలో 20 టన్నులు బయటికి పంపింది చంద్రశేఖర్ ప్రభుత్వం. జూలైలో రిజర్వు బ్యాంకు తాకట్టు పెట్టిన 47 టన్నులు పీవీ హయాంలోవి. రెండూ కలిపి ఒకరి నెత్తిన రుద్దకండి. జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారని అందరూ చెబుతారు. అదే రోజు అంతకు ముందు, పరిశ్రమ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలనే లైసెన్సుల రాజ్యాన్ని చాలావరకు ఎత్తేసిన పారిశ్రామిక విధానాన్ని సభ ముందు పెట్టారని తక్కువమందే చెబుతారు. పరిశ్రమల శాఖ ప్రధాని దగ్గరే ఉంది. అయినా ఆ కాగితం సభలో పెట్టింది సహాయమంత్రి పి.జె. కురియన్. అంత పెద్ద పని చేసి, తన పేరు వినబడకుండా చూసుకోవడం! నన్నడిగితే పీవీ స్వభావానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

పదవులన్నిటి మీదుగా సాగిన పని కూడా ఒకటి చెప్పండి. నేను చదువును ఎంచుకుంటాను, మాస్టర్ల పక్షపాతం అనుకోండి. విద్యామంత్రిగా ఉన్నప్పుడు 1968లో తెలుగు అకాడమి. ముఖ్యమంత్రిగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా 1986 విద్యావిధానం, నవోదయ విద్యాలయాలు. సర్వేల్ నుంచి నవోదయ దాకా ఆలోచన ఒకటే: పల్లె పిల్లవాడికి తిండి, పడక, మంచి మాస్టరు ఒకేచోట దొరకాలి. ఈ మాట అన్నప్పుడు సభలో గురుకులంలో చదివినవాళ్ళు ఎవరో ఒకరు తప్పకుండా తలెత్తుతారు.

పదిహేడు భాషలు వచ్చని చప్పట్ల కోసం చెప్పే మాట వదిలేయండి. చూపించగలిగిందే చెప్పండి: విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోకి తెచ్చారు, హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను అబలా జీవితంగా తెలుగులోకి తెచ్చారు. ఒక రాజకీయ నాయకుడికి ఇది తక్కువేం కాదు.

చేదు సంగతులు చివర్లో రెండు ముక్కల్లో దాటేయకండి, నడుమనే పెట్టండి. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు హోంమంత్రి ఆయనే. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చినప్పుడు ప్రధాని ఆయనే. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన కూల్చివేతకు ముందు కాదు, ఆ సాయంత్రం వచ్చింది. 1993 జూలైలో ఆయన ప్రభుత్వం మీద అవిశ్వాసం 265కు 251 ఓట్లతో వీగింది. అందులో ఝార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీలకు ముడుపులు ఇచ్చారన్న కేసులో 2000లో కింది కోర్టు ఆయనకు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. శిక్ష ఒక్కటే చెప్పినా, కొట్టివేత ఒక్కటే చెప్పినా అది సగం నిజమే. ముడుపులు తీసుకుని సభలో ఓటేసిన సభ్యులకు రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆయన పేరుతోనే నిలిచింది. దాన్ని అదే కోర్టు 2024 మార్చి 4న తోసిపుచ్చింది. ఆయనకు భారతరత్న ప్రకటించి అప్పటికి నెల కూడా కాలేదు.

2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణం, అంత్యక్రియలు మాత్రం ఢిల్లీలో కాదు, హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున. ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచి ఎవరినీ తిట్టకండి, పక్కనున్నవాళ్ళు మైకు లాక్కుంటారు. ఒకసారి గడియారం పెట్టుకుని బయటికే చదవండి. పది నిమిషాలు దాటితే ముందు పొగడ్తలు కొట్టేయండి, తారీఖులు ఉంచండి. రెండు నిమిషాలు మిగిలితే ప్రశ్నలకు వదలండి. మొదటి ప్రశ్న డిసెంబరు 6 గురించే వస్తుంది, ఆ పేజీ దగ్గర వేలు పెట్టుకుని ఉండండి.