పెద్దకూర రోస్టు: రెడ్ వైన్‌తో, స్లో కుక్కర్‌లో

పెద్దకూర అనగానే మన వంటిళ్లలో చేయి ప్రెషర్ కుక్కర్ మీదికే పోతుంది. పది విజిల్స్ రానిస్తే ముక్క మెత్తబడుతుంది. కూర వరకూ ఆ పద్ధతికి వంక పెట్టలేం. కానీ కిలోంపావు మాంసాన్ని ముక్కలు కొట్టకుండా ఒకే కండగా వండి, పోగులకు అడ్డంగా కోసి, పైన వైన్ పులుసు పోసుకుని తినే పాట్ రోస్టుకి విజిల్స్ లెక్క పనికిరాదు. పైపైన చెదిరిపోయి లోపల బిగుసుకుపోయిన ముద్ద చేతికొస్తుంది. దీనికి సన్నసెగ కావాలి, అదీ గంటల తరబడి. దాలిలో పిడకల సెగ మీద కుండలో పాలు ఎర్రగా కాగడం చూసినవాళ్లకి, కరెంటు మీద అలాంటి సన్నసెగనే ఇచ్చే స్లో కుక్కర్ పనితనం వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం ముందే మనసులో పెట్టుకోవాలి. స్లో కుక్కర్ చేసే పని ఒక్కటే, గట్టి కండలోని పొరల్ని కరిగించడం. అది మాంసానికి రంగు తేలేదు, వైన్ ఘాటు పోగొట్టలేదు, పులుసు చిక్కబరచలేదు. ఈ మూడూ పొయ్యి మీద మనమే చేసుకోవాలి. అన్నీ గిన్నెలో పడేసి స్విచ్ వేసి వెళ్లిపోతే చివరికి మిగిలేది ఉడకబెట్టిన మాంసమూ, కాస్త పుల్లటి నీళ్లూ.

మాంసం ఎంపిక

ఈ వంట పుట్టిన దేశాల్లో వాడేది ఆవు జాతి పశువు మెడ, జబ్బ దగ్గరి కండ. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ప్రకారం ఆవుల్నీ దూడల్నీ కోయకూడదు. గేదెని కోయాలన్నా ధ్రువపత్రం ఉండాలి. అందుకని ఇక్కడ చెప్పే కొలతలూ సమయాలూ అన్నీ గేదె మాంసానికే. ఇందులో కండ మధ్యన కొవ్వు చారలు తక్కువ, రంగు ముదురు. పైగా కోతకు వచ్చేవి ఎక్కువగా ముదురు పశువులు. వయసు పెరిగేకొద్దీ పొరల్లోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు గట్టిగా అల్లుకుపోతుంది, కరగడానికి ఎక్కువసేపు పడుతుంది. విదేశీ వంటల పుస్తకంలో ఎనిమిది గంటలని ఉంటే మనం పది వేసుకోవడం అందుకే.

కొట్టు దగ్గర అడగాల్సింది ముందుకాలి జబ్బ. ‘ఎముక తీసి, కొట్టకుండా ఒకే కండగా ఇవ్వన్నా’ అని తూచకముందే చెప్పండి. లేకపోతే అలవాటు కొద్దీ నిమిషంలో ముక్కలు చేసేస్తారు. వెనక తొడ చూడ్డానికి నున్నగా బాగుంటుంది గానీ దీనికి వద్దు. అందులో పొరలు తక్కువ, కరిగి తడినిచ్చేదేమీ ఉండదు కాబట్టి పదిగంటల సెగకి పీచులా ఎండిపోతుంది. జబ్బలో కోతకి అడ్డంగా కనిపించే తెల్లటి పొరలే మనకి కావలసిన సరుకు. వాటిని చూసి ‘నరాలున్నాయి’ అని తీయించేయకండి. వీలైతే ఒక నల్లి ఎముక కూడా అడగండి, పులుసుకి అది బలం.

పొద్దున కోసిన మాంసం ఆ పూటే వండేయడం మనకి అలవాటు. కోసిన కొన్ని గంటలకి కండ బిగుసుకుంటుంది, మళ్లీ సడలడానికి టైము పడుతుంది. ఆ బిగువు మీద ఉన్నప్పుడు పొయ్యికెక్కిస్తే ఎంత ఉడికినా ఏదో మొండితనం మిగిలే ఉంటుంది. ఆదివారం భోజనానికైతే శనివారం పొద్దున్నే తెచ్చేయండి. కడిగితే కడిగారు, గుడ్డతో పొడిగా తుడిచి, ఉప్పంతా అన్ని వైపులా రుద్ది, మూత పెట్టకుండా ఫ్రిజ్ కింది అరలో ఒక పళ్లెంలో ఉంచండి. ఉప్పు లోపలికి దిగుతుంది, పైభాగం ఆరుతుంది. ఆ ఆరడం ఎందుకో వేపేటప్పుడు తెలుస్తుంది.

కొలతలు (ఐదారుగురికి)

జబ్బ మాంసం 1.25 కిలోలు. మెత్తటి ఉప్పు 18 గ్రాములు, అంటే టీ చెంచాతో తలగొట్టి మూడు. మిరియాలు కచ్చాపచ్చాగా దంచి ఒక చెంచా. నూనె మూడు పెద్ద చెంచాలు. పెద్ద ఉల్లిపాయలు మూడు, వెల్లుల్లి పది రెబ్బలు, బాగా పండిన టమాటాలు రెండు. డ్రై (తీపి లేని) రెడ్ వైన్ 375 మిల్లీలీటర్లు, అంటే సగం సీసా. నీళ్లు 150 మిల్లీలీటర్లు. క్యారెట్లు మూడు, కంద 300 గ్రాములు. ఎండుమిర్చి మూడు, తుంచకుండా. బిర్యానీ ఆకు ఒకటి, లవంగాలు రెండు, వాము పావు చెంచా, చివర్లో బియ్యప్పిండి ఒక పెద్ద చెంచా.

వాము ఎందుకంటే, పాట్ రోస్టులో మామూలుగా వేసేది థైమ్ అనే ఆకు. దాని వాసనకి మూలం థైమాల్, మన వాములోనూ అదే ఉంది. పావు చెంచా దాటితే మాత్రం పులుసంతా కషాయమైపోతుంది. అల్లం, గరం మసాలా, ధనియాల పొడి ఇందులోకి రానివ్వకండి. అవి పడ్డాక అది మంచి కూరే అవుతుంది, కానీ వైన్ వేసిన ఆనవాలు దొరకదు.

వైన్ సంగతి

సీసా మీద ‘డ్రై’ అని ఉన్న షిరాజ్ గానీ కాబెర్నే సావిన్యాన్ గానీ తీసుకోండి. నాసిక్ వైపు తయారయ్యేవి దీనికి చక్కగా సరిపోతాయి, ఖరీదైనది అక్కర్లేదు. చవగ్గా దొరికే పోర్ట్ వైన్ వద్దు, అది తియ్యన. క్రిస్మస్‌కి ఇంట్లో పెట్టుకునే ద్రాక్ష వైన్ కూడా తియ్యనే. మరిగి సగమయ్యేసరికి ఆ తీపి రెట్టింపై పులుసు పాకంలా తయారవుతుంది, ఇక ఉప్పూ మిరియాలూ ఎన్ని వేసినా దారికి రాదు.

వైన్‌ని పచ్చిగా కుక్కర్‌లో పోయకూడదు. మూత బిగుసుకుని ఆవిరి మళ్లీ లోపలికే కారుతుంది కాబట్టి ఆల్కహాల్ బయటికి పోయే దారి లేదు. పది గంటలైనా ఆ ముక్కుపుటాలు అదిరే ఘాటు అలాగే ఉంటుంది. ముందే పొయ్యి మీద మరిగించి సగానికి దించాలి. అప్పటికీ ఆల్కహాల్ పూర్తిగా పోదు, కొద్దిగా మిగులుతుంది. అది పనికిరాదనుకునే ఇళ్లలో నల్లద్రాక్ష రసం 250 మిల్లీలీటర్లు సగానికి మరిగించి, రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. వైన్ రుచి రాదు గానీ పులుపూ రంగూ కుదురుతాయి.

వేపడం, మరిగించడం

ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా. మాంసాన్ని గంట ముందు ఫ్రిజ్ లోంచి తీసి, మళ్లీ ఒకసారి గుడ్డతో అద్ది, మిరియాలు పట్టించండి. మందపాటి మూకుడులో నూనె పోసి, సన్నటి పొగ తేలేదాకా కాగనిచ్చి, కండని మెల్లగా దించండి. నాలుగు నిమిషాలు కదపొద్దు. మొదట అది మూకుడుకి అంటుకుంటుంది, లాగితే చిరుగుతుంది. రంగు తిరిగాక దానంతటదే వదులుతుంది, అప్పుడు తిప్పండి. అన్ని వైపులా, చివర్లతో సహా, ముదురు గోధుమరంగు రావాలి. మొత్తం పావుగంట పైనే పడుతుంది.

చుయ్‌మనే చప్పుడు తగ్గి నీళ్లు ఊరుతున్నాయంటే మూకుడు చాలినంత వేడెక్కలేదు, లేదా మాంసం తడిగా ఉంది. తడి ఉన్నంతసేపూ ఆ చోట వేడి వంద డిగ్రీలు దాటదు, రంగు వచ్చేది 140 దాటాకే. అలాంటప్పుడు మాంసం తీసి, నీళ్లు పారబోయకుండా ఒక గిన్నెలోకి ఒంపి, మూకుడు మళ్లీ కాచి మొదలుపెట్టండి.

మాంసం తీసి పక్కన పెట్టి, అదే నూనెలో నిలువుగా కోసిన ఉల్లిపాయలు ఎర్రబడేదాకా వేపి, వెల్లుల్లి రెబ్బలు, తరిగిన టమాటాలు వేసి, పచ్చివాసన పోయి నూనె తేలేదాకా మగ్గించండి.

గోదావరి ఇళ్లలో చాలామందికి ఇనప మూకుడు ఉంటుంది. వేపడానికి దాన్ని మించింది లేదు, వైన్ మరిగించడానికి మాత్రం వాడకండి. వైన్‌లోని వగరు పదార్థం, టానిన్, ఇనుముతో కలిస్తే సిరాలా నల్లబడుతుంది, పులుసుకి ఇనప రుచి ఎక్కుతుంది. సత్తు గిన్నె కూడా పులుపుకి పడదు. వేపుడయ్యాక ఆ మూకుడులో 150 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, అడుగున పట్టిన గోధుమరంగు పొరని అట్లకాడతో గీకి, ఉల్లిపాయలతో సహా స్టీలు గిన్నెలోకి మార్చేయండి. వైన్ అందులో పోసి, మూత లేకుండా పెద్ద మంట మీద పది నిమిషాలు మరిగించండి. దగ్గరికి వంగి వాసన చూస్తే ముక్కుకి పొడిచినట్టు ఉండకూడదు, ద్రాక్షపండు వాసన రావాలి. అడుగు మాడి నల్లబడి ఉంటే మాత్రం ఆ పొరని గీకొద్దు. చేదంతా పులుసులోకి దిగుతుంది.

కుక్కర్‌లో

అడుగున పెద్ద ముక్కలుగా కోసిన క్యారెట్లు, వాటి మీద నల్లి ఎముక, ఆపైన మాంసం. కొవ్వు ఉన్న వైపు పైకి. మసాలా దినుసులన్నీ వేసి, వైన్ మిశ్రమం కాస్త చల్లారాక పోయండి. సలసల మరిగేది చల్లని పింగాణీ గిన్నెలో పోస్తే పగులుతుంది. పులుసు మాంసంలో సగం ఎత్తు వరకే రావాలి. మునిగేలా నీళ్లు పోయాలనిపిస్తుంది, పోయకండి. నీరు ఆవిరై పోదు సరికదా, మాంసమే ఇంకో గ్లాసు దాకా వదులుతుంది.

మొదటి గంట ‘హై’లో, తర్వాత తొమ్మిది గంటలు ‘లో’లో. మొదటి ఎనిమిది గంటలు మూత తీయొద్దు, తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఆ తర్వాత ఫోర్కు గుచ్చి మెలితిప్పండి. పోగులు సులువుగా విడితే అయినట్టు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 93 నుంచి 96 డిగ్రీలు చూపాలి. గట్టిగా ఉంటే పాడైందని కంగారుపడక్కర్లేదు, ఇంకా కరగలేదని అర్థం. మరో గంట ఉంచండి. 80 డిగ్రీల దగ్గర మాంసం అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది, చాలామంది ఆపేసేది అక్కడే.

కరెంటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ కుక్కర్లు 230 ఓల్టులకి లెక్కగట్టి చేసినవి. వేడి ఓల్టేజి వర్గాన్ని, అంటే ఓల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి మారుతుంది కాబట్టి 180 ఓల్టులే వస్తుంటే అందేది అరవై శాతం వేడి. చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగే ఊళ్లలో రాత్రిళ్లు లైట్లు మందగిస్తుంటే ‘లో’ని నమ్ముకోవద్దు, మొత్తం ‘హై’లోనే ఆరేడు గంటలు వండండి. మాంసం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు నాననివ్వడం ప్రమాదం. మొదటి రెండు మూడు గంటల్లో కరెంటు పోయి అరగంటలో రాకపోతే అంతా స్టీలు గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద సన్నమంటన పెట్టేయండి. చాలా డిజిటల్ మోడళ్లు కరెంటు వచ్చాక వాటంతటవి మొదలవ్వవు, గుండ్రటి బిళ్ల తిప్పేవి మొదలవుతాయి. కోతలున్న ఊళ్లో రెండో రకమే నయం. అయినా వేసవిలో రాత్రంతా పెట్టి పడుకోవద్దు. ఎంతసేపు ఆగిందో తెలియని మాంసాన్ని రుచి చూసి తేల్చుకోలేం. ఇవి తక్కువ వాట్లవే కాబట్టి ఇన్వర్టర్ లైనుకి తగిలించుకోవడం మంచి ఉపాయం.

దించాక

మాంసాన్ని జాగ్రత్తగా ఎత్తి, మూత కప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి. వెంటనే కోస్తే రసం పలక మీదికి కారిపోతుంది. ఈలోగా పులుసు వడకట్టి, పైన తేలిన కొవ్వు గరిటెతో తీసేయండి. గేదె కొవ్వు కాస్త చల్లారితే చాలు గడ్డకట్టి అంగిట్లో మైనంలా పేరుకుంటుంది, కాబట్టి ఈ పని వదిలేయొద్దు. స్టీలు గిన్నెలో పులుసుని మూడో వంతు తగ్గేదాకా మరిగించి, అప్పుడు ఉప్పు చూసి, బియ్యప్పిండి నాలుగు చెంచాల చన్నీళ్లలో కలిపి పోసి రెండు నిమిషాలు తిప్పండి. గరిటె వెనక పూతలా నిలిస్తే చాలు.

కందని మాంసంతో పాటు వేయకపోవడానికి కారణం పులుపు. పుల్లటి పులుసులో దుంప తొందరగా ఉడకదు, బంగాళాదుంపదీ ఇదే తంతు. కోనసీమ కొబ్బరితోటల్లో పండే కంద దీనికి బంగాళాదుంప కన్నా బాగుంటుంది, పులుసు పీల్చుకుని కూడా ముక్క విడిపోదు. చేతికి నూనె రాసుకుని చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి, కాస్త చింతపండు వేసిన నీళ్లలో విడిగా మెత్తగా ఉడికించి వార్చండి. దురద పోతుంది. చిక్కబడ్డ పులుసులో ఆఖరి పది నిమిషాలు వేస్తే సరి.

కోసేటప్పుడు పోగులు ఏ వైపు నడుస్తున్నాయో చూసి, వాటికి అడ్డంగా వేలి మందాన ముక్కలు తీయండి. పోగుల వెంట కోస్తే ఎంత మెత్తటి మాంసమైనా నమిలేటప్పుడు తాడులా ఉంటుంది. 1.25 కిలోలు వండాక 800 గ్రాముల లోపుకి దిగుతుంది. అది మామూలే.

అన్నంలోకి బాగానే ఉంటుంది గానీ, అసలు జోడీ దిబ్బరొట్టె. అడుగు ఎర్రగా కరకరలాడుతూ లోపల గుల్లగా ఉన్న రొట్టె ఈ పులుసుని తాగేస్తుంది.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు రోజుల్లో తినేయాలి. ముద్దని కోయకుండా పులుసులోనే ఉంచండి. మర్నాటికి పైన కొవ్వు పలకలా తేరుకుని సులువుగా ఊడొస్తుంది, చల్లటి మాంసం చెదరకుండా నీటుగా తెగుతుంది. విందుకి వండేవాళ్లు ఒకరోజు ముందే చేసి పెట్టుకోవడం మేలు. వేడి చేసేటప్పుడు మాత్రం స్లో కుక్కర్ వాడొద్దు, అది వేడెక్కేసరికి గంటలు పడుతుంది. ముక్కల్ని పులుసుతో సహా పొయ్యి మీద పెట్టి, పొగలు కక్కేదాకా కాచి వడ్డించండి.